ఆవిరికో ముద్ద

ఆ ఉదయం ఆ ఇంట్లో ఇద్దరికి రెండు పనులు. కోడలు రెండేళ్ల కొడుకుని డాక్టరుకి చూపించాలి. భర్త ముడతల చొక్కాతో ఆఫీసుకెళ్లి, మేనేజరు కంటబడకుండా సాయంత్రందాకా నెట్టుకురావాలి. ఇస్త్రీపెట్టె ముందురోజే కాలిపోయింది మరి.

పిల్లవాడి ముద్దుపేరు బుడంకాయ. ముద్ద కనబడితే చాలు, నోటికి తాళం వేసి తాళంచెవి మింగినట్టు కూర్చుంటాడు. మూడు నెలలుగా వాడు పేచీ లేకుండా మింగింది ఆ తాళంచెవినే. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, ఐరన్ బాగా తక్కువైందనీ, చుక్కల మందు వేస్తూ ఆకుకూర, గుడ్డు, మాంసం తినిపించమనీ చెప్పింది. నెలలో పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి ఎక్కించాల్సి రావచ్చట.  కోడలు బయటికొస్తూనే భర్తకి మెసేజి పెట్టింది: "వచ్చేటప్పుడు ఐరన్ తెండి. మంచి కంపెనీది."

సాయంత్రం అతను కొత్త ఇస్త్రీపెట్టెతో దిగాడు. "ఆవిరి కూడా వస్తుంది," అన్నాడు గర్వంగా. భార్య మొహంలోంచి అప్పటికే వస్తోంది.

మర్నాడు మందు ఆవిడే తెచ్చుకుంది. బుడంకాయ దాన్ని ఆవిడ మీదికే తిప్పి పంపాడు. హెడ్మాస్టరుగా రిటైరైన మామగారు, తెచ్చిన వస్తువు మూలపడకూడదని, హాల్లో ఆ చివర చొక్కా పరిచి మీట నొక్కారు. ఆవిరి బుస్సుమంది. ఈ చివర ఎత్తుకుర్చీలో ఉన్న బుడంకాయ నోరు వెళ్లబెట్టాడు. కోడలు చటుక్కున చెంచా పెట్టేసింది.

"మామయ్యగారూ, ఇంకొక్కసారి."

అప్పట్నించీ ఆవిరికో ముద్ద. బుస్సు లేనిదే నోరు లేదు. మూడోరోజుకి ఇంట్లో ముడత అన్నది మామగారి నుదుటి మీదే మిగిలింది. కర్టెన్లయ్యాయి, దిండు గలీబులయ్యాయి. కింది వాటా టీచరమ్మని అడిగితే బట్టల మూట ఇచ్చింది. ఊరుకోక వీధిలో చెప్పింది కూడా. గుమ్మం ముందు మూటలు బారులు తీరాయి.

ఆ కబురు ఆఫీసుకి చేరింది. మేనేజరు అతన్ని గదిలోకి పిలిచి తలుపేశాడు. "పెద్దాయన చేత ఈ వయసులో బట్టలు రుద్దిస్తున్నావటయ్యా?"

"మావాడి తిండి కోసమండీ," అన్నాడతను, ఉన్నమాటే కదా అని.

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి ఆఫీసు బట్టలన్నీ, ఇస్త్రీ డబ్బులతో సహా, ఆ ఇంటికే. వద్దంటే మొహమాటపడుతున్నాడనుకుని ఇంకో రెండు జతలు కలిపేవారు.

నెల తిరిగింది. ఐరన్ పెరిగిందనీ, ఆకలి కూడా ఇక దానంతటదే పుంజుకుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది.  ఆ మధ్యాహ్నం బుడంకాయ తన పళ్లెం తనే ఈడ్చుకొచ్చి హాలు గుమ్మంలో కూలబడ్డాడు.

"తాతా, ఆకలి."

మామగారు తలెత్తలేదు.

"ఉండరా. నీకంటే ముందు మేనేజరుగారి ప్యాంటుంది."