శనివాసర కుక్కుట విజయము

అమ్మా మనోభావమా! కోటగోడకంటే ఎత్తయినదానివి, అప్పడంకంటే పెళుసైనదానివి! ఆకలి చూసి చలించవు, అబద్ధం విని చలించవు, పక్కింటివాడి కొంప మునిగినా కన్నెత్తి చూడవు. తెరమీది బొమ్మ తుమ్మిందంటే మాత్రం తునాతునకలైపోతావు. ముందుగా నీకొక దండం పెట్టి, నీవు ఆత్మకూరు పట్టణమున గాయపడుటకై పడిన పాట్లను గానం చేయబోతున్నాను. ఆలకించండి.

మర్రిపాడు మెట్టల మీద మేకలు సైతం నీడ కోసం లారీల కిందికి దూరే వేసవిలో, సోమశిల జలాశయం అడుగంటి మునిగిన ఊళ్ళ గోడలు మళ్ళీ ఎండ చూసే నెలలో, శుక్రవారం వచ్చిన సినిమా మంగళవారానికి ఫోనుల్లోకి దిగిపోయే ఈ కలికాలంలో, బద్వేలు రాజమార్గం మీద బస్సుహారన్ల మంగళవాద్యాలతో విరాజిల్లే ఆత్మకూరులో, కందిపప్పుబస్తాసింహాసనాధీశుడై, చింతపండు వాసనల నడుమ హోల్‌సేల్ కిరాణాసామ్రాజ్యాన్ని ఏలుతున్న వీరుడొకడున్నాడు. ఆయన పేరు పెంచలనరసింహం. సకల భూమండలంలోనూ ఆయనకు శత్రువు ఒక్కడే. ఆ శత్రువు ఉదయగిరిలో ఉన్నాడు. పేరు మురళీకృష్ణ. వరసకు తోడల్లుడు.

ఇద్దరి మధ్యా ఈసారి చిచ్చు పెట్టింది ఒక వంట సినిమా. భర్త పోయిన ఒక ఇల్లాలు బతుకుదెరువుకు రోడ్డు పక్కన భోజనం హోటలు పెట్టుకుంటుంది. పొద్దున్నే గుడికి చక్కెరపొంగలి వండి పంపుతుంది. మధ్యాహ్నం ఆకలితో వచ్చిన లారీ డ్రైవర్లకు కోడికూర వండి పెడుతుంది. అంతే కథ. చూసి, కాస్త ఏడ్చి, ఇంటికి పోయి అన్నం తినవలసిన సినిమా. కానీ ఉదయగిరిలో మొదటి ఆటకే వెళ్ళిన మురళీకృష్ణ, పొంగలి కలిపిన గరిటే కోడిని కూడా కలిపిందని కనిపెట్టి, కూర్చున్న కుర్చీలోనే గాయపడ్డాడు. శనివారం పొద్దుటికల్లా పేపర్లో ఆయన నిండు ఫోటో, చేతిలో గరిటె, పైన శీర్షిక: 'మనోభావాలపై గరిటె దెబ్బ!'

ఆ ఫోటోను ఆయన ఇల్లాలు శ్రీవిద్య చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పెట్టి ఊరుకున్నా బాగుండేది. 'బావగారు చూసినారా?' అని కింద ఒక్క ముక్క రాసింది. అక్క మొగుణ్ణి కుశలమడిగినట్టే ఉంది ఆ ముక్క. అది పెంచలనరసింహం గుండెలో బాణమై దిగబడింది. ఉదయగిరి గాయపడి, ఆత్మకూరు చెక్కుచెదరకుండా ఉండటమా! రెవెన్యూ డివిజన్ కేంద్రం, బస్సు డిపో ఉన్న పట్టణం, కొండ కింది ఊరికంటే మనోభావాల్లో వెనకబడటమా!

ఆయన వెంటనే విలేఖరి కోటేశ్వర్‌కి ఫోన్ చేశాడు.

"కోటేశ్వర్, మన ఊరు కూడా గాయపడింది. రాసుకో."

"దేనికన్నా?"

"గరిటెకే."

"గరిటె ఉదయగిరోళ్ళు వాడేసినారన్నా. అదే గరిటెకి మనం కూడా ఏడిస్తే డెస్కులో నవ్వతారు. మ్యాట్నీకి పొయ్యి చూడు. కొత్తదేదన్నా దొరికితే చెప్పు, రేపటికి ఫోటో వేయిస్తా."

అంతట మహావీరుడు యుద్ధసన్నద్ధుడయ్యాడు. పట్టణంలో మనోభావ పరిరక్షణ సమితి అని ఒకటుంది. దానికి అధ్యక్షుడు తానే. సభ్యులకు కబురంపితే, గిరాకీ వేళ అంగడి వదిలి రాలేమన్నారు. పోనీ! సింహానికి సేన ఎందుకు? శనివారం ఒక్కపొద్దు కడుపుతో, గంధపుబొట్టు నుదుటితో, పెంచలకోన స్వామి బొమ్మ ఉన్న ఉంగరం వేలితో, తుడిచి తుడిచి మెరుగెక్కిన కళ్ళజోడు అనే దివ్యాస్త్రంతో, ఇల్లాలు పద్మావతమ్మ ఒక్కతే చతురంగబలంగా, ఆయన సినిమాహాల్లో ప్రవేశించాడు.

ఆహా, ఏమి వెతుకులాట! జనం సినిమా చూస్తుంటే ఆయన సినిమాను సోదా చేశాడు. దేవుడి గదిలో చెప్పులున్నాయా? లేవు. దీపం నోటితో ఊదిందా? లేదు. నైవేద్యం రుచి చూసిందా? ఆ మహాతల్లి వాసన కూడా చూడలేదు. స్నానం చేసింది, బొట్టు పెట్టుకుంది, తలుపు దగ్గరకు వేసి మరీ పొంగలి నివేదించింది. పగబట్టినట్టుగా ఎక్కడా తప్పు చేయని ఆ దర్శకుణ్ణి ఆయన పళ్ళు నూరి శపించాడు. అంతలో జేబులో ఫోను మోగింది. కోటేశ్వర్. వీరుడు లేచి, వరసలో ఉన్న మోకాళ్ళన్నిటినీ తొక్కుకుంటూ బయటికి నడిచాడు.

"దొరికిందా అన్నా? పేజీకి టైమైపోతాంది."

"వెతకతా ఉండా. బలే శుద్ధంగా తీసినాడబ్బా దరిద్రుడు!"

ఆయన తిరిగి వచ్చేసరికి హాలంతా ముక్కులు చీదుతోంది. పద్మావతమ్మ చెంగు తడిసి ఉంది.

"ఏమైంది?" అన్నాడు.

"ఆయమ్మ మొగుడు పోయినాడు. ఉష్, చూడండి."

మొగుడు చావడంలో గాయపడటానికేమీ లేదు గనుక ఆయన దాన్ని పట్టించుకోలేదు. తెరమీద ఇల్లాలు తన ఇంట్లోనే హోటలు తెరిచింది. మొదటి రోజు ఒక ముసలి డ్రైవరు వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. "ఇంకొంచెం పెట్టేదా నాయనా?" అని ఆమె అడిగింది. ఆ ఒక్క మాటకు ముసలాడు ముద్ద మింగలేక తల వంచుకున్నాడు. పెంచలనరసింహానికి తన తల్లి రామలక్ష్మమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కూడా సరిగ్గా అట్లాగే అడిగేది, వద్దన్నా వడ్డించేది. ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నం మొత్తంలో ఆయన మనోభావం అనేది కదిలింది ఆ ఒక్క క్షణమే. ఆయన దాన్ని కండువాతో తుడిచి పారేశాడు. అట్లాంటి మనోభావం పేపరుకు పనికిరాదు మరి.

తుడుచుకున్న కళ్ళతో మళ్ళీ తెర చూశాడు. కోడి కళపెళ ఉడుకుతోంది. ఆవిరి తెరలు తెరలుగా లేస్తోంది. ఆ ఆవిరి వెనక, గోడ మీద, రోజుకో కాగితం చింపే క్యాలెండరు. దానిమీద ఎర్రటి అక్షరాల్లో శనివారం!

దొరికింది! గరిటెకంటే గొప్పది, ఉదయగిరి కళ్ళుపడనిది, ఆత్మకూరుకే సొంతమైన గాయం దొరికింది! ఆయన ఇంట్లో ఏడు రోజుల్లో ఏ రోజూ కోడిని ముట్టరు. ఆయన అంగట్లో చికెన్ మసాలా పొట్లాలు శనివారం సైతం అమ్ముడుపోతాయి. అయితే ఏమి? కుర్చీ కిర్రుమనగా, కండువా ధ్వజమై ఎగరగా, ఆ కిరాణాకేసరి లేచి నిలబడి గర్జించాడు:

"ఓయీ చిత్రశాలాధిపతీ! ఆపుము నీ యంత్రమును! శనివారము! శ్రీ పెంచలస్వామి పుణ్యదినము! ఈ దినమున, గోడనున్న పత్రము సాక్షిగా, కుక్కుటమును కుతకుత ఉడికించుచున్నారే! ఇది కనులార గాంచియు ఆత్మకూరు సహించునా? మా ఉపవాసములు ఏమి గావలె? మా వంశముల నిష్ఠలు ఏమి గావలె? ఈ క్షణమే మనమెల్లరము గాయపడితిమి! లెండు, సోదరులారా, లెండు!"

సోదరులు లేవలేదు. ఆయన నీడ తెరమీద పడి, సరిగ్గా కోడి ఉన్న గిన్నెను మూసేసింది.

"ఏంది సామీ, అడ్డం!" అంది వెనక వరసలోంచి మాలకొండమ్మ. సోమశిలలో చేపలు పట్టే కుటుంబం ఆమెది. సంతకొచ్చి, సరుకు అయిపోయాక సినిమాకొచ్చింది. "కూర ఉడికిందో లేదో కనపడలా. కూర్చో!"

"అమ్మా, శనివారమున కోడి!"

"అది సినిమా కోడి. ఆదివారం దాకా ఆగమంటే ఆగతాదా?"

హాలంతా గొల్లుమంది. ఈలలు శరపరంపరలై వచ్చాయి. లైట్లు వెలిగాయి. మేనేజరు సిద్ధయ్య టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు పద్మావతమ్మ మొగుడి చొక్కా పట్టుకుని లాగి, నలుగురికీ వినపడేట్టుగానే చెప్పింది.

"అది ఈరోజు కాయితం కాదండీ. రోజూ పొద్దున ఆయమ్మ మొగుడే చింపేవాడు. ఆయన పోయిన రోజు శనివారం. ఆ కాయితం చింపేదానికి ఆయమ్మకి చేతులు రాలా. అందరం చూసినాం. మీరు అప్పుడు ఫోన్లో ఉండారు."

మాలకొండమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. సామాన్య మానవుడైతే సిగ్గుపడి కూర్చునేవాడు. పెంచలనరసింహం వీరుడు. వీరులకు సిగ్గు ఎక్కడుంటుంది? గాయం మానిపోతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. రేపటి పేపరు కళ్ళముందు తెల్లగా, ఫోటో లేకుండా కనిపించింది.

"అయినను చూచువారికి శనివారమే కదా! చిత్రమును నిషేధింపుము!" అన్నాడు.

"నా చేతుల్లో ఏముండాది సామీ?" అన్నాడు సిద్ధయ్య.

"ఆ దృశ్యమును కోయుము!"

"ఇది రీలు కాదు, పైనుంచి శాటిలైట్లో వస్తాది. యాడ కొయ్యమంటారు?"

"పోనీ ఆ పత్రమునకైనా నల్లరంగు పూయుము!"

"తెరకు పూసేదా?"

"అయితే క్షమాపణ!"

"కోడి చెప్పాలా, నేను చెప్పాలా?"

నిషేధం నుంచి క్షమాపణ దాకా ఒక్కొక్క కోటబురుజే కూలింది. వీరుడు కదలలేదు. జనం, మా సినిమా మాకు వెయ్యండిరో, అని కుర్చీలు చరుస్తున్నారు. సిద్ధయ్య విసిగి, తల గోక్కుని, టిక్కెట్ల కిటికీ దగ్గరున్న పలకను తెప్పించి, సుద్దముక్కతో ఇలా రాశాడు: 'ప్రేక్షకులకు మనవి. ఈ సినిమాలో కోడిని వండినది ఆదివారము.'

"చాలునా సామీ? ఆదివారమంటే ఎవురికీ నొప్పి ఉండదు."

"ఆదివారమైతే మంచిదేలే," అంది మాలకొండమ్మ. "ఇంక కూర్చో."

ఏ రోజు వండిందో సినిమా తీసినవాళ్ళకే తెలియదు. చెప్పాలంటే చచ్చినవాడికీ తెలియదు. అయినా పలక గోడకెక్కింది. కోటేశ్వర్ ఆఖరి నిమిషంలో బైకు మీద వచ్చాడు. వీరుడు పలక పక్కన నిలిచి, వేలెత్తి చూపుతూ, ఛాతీ పొంగించాడు. లోపల సినిమా మళ్ళీ మొదలైంది. పద్మావతమ్మ ఒక్కతే పోయి చివరిదాకా చూసింది.

ఆదివారం తెల్లవారింది. పేపరు వచ్చింది. పెంచలనరసింహం ఆత్రంగా పేజీ తిప్పాడు. ఫోటో ఉంది! పలక పూర్తిగా ఉంది, అక్షరం అక్షరం చదవచ్చు. పక్కన స్థలం చాలక కత్తిరించారు. వీరుడి ముఖం లేదు, ఛాతీ లేదు, కండువా లేదు. పలకవైపు చూపిస్తూ ఒక్క వేలు మాత్రం మిగిలింది. ఆయన కాసేపు దిగులుగా చూశాడు. తర్వాత ఉంగరం కనిపించింది. పెంచలకోన స్వామి ఉంగరం! ముఖం విప్పారింది. వెంటనే గ్రూపులో ఫోటో పెట్టి, ఉదయగిరి గుండెలు పగిలేలా రాశాడు: 'ఆ వేలు నాదే.'

ఆ సంబరంలో ఆయన రోజూ పొద్దున చేసే పని ఒకటి మరిచాడు. వంటింట్లోంచి కాఫీ తెస్తున్న పద్మావతమ్మ గోడవైపు చూసి ఠక్కున ఆగిపోయింది. క్యాలెండరు మీద ఇంకా శనివారమే ఉంది. గ్లాసు కింద పెట్టి, గబగబా పోయి, ఆ కాగితాన్ని చింపి, ఉండ చుట్టి పొయ్యిలో పడేసింది. ఆయన ఉన్నాడు కదా అని వెనక్కి తిరిగి చూసుకుంది. ఉన్నాడు. తన వేలు తానే చూసుకుంటున్నాడు.

జయము! జయము! ఆత్మకూరున కోడి ఆదివారము నాడే ఉడికినది! సుద్దతో రాసిన ఆ విజయశాసనం సాయంత్రం ఆటకు సిద్ధయ్య తుడిచి 'హౌస్‌ఫుల్' అని రాసేంతవరకు చెక్కుచెదరక నిలిచినది!