తోటకూర చేసిన చోరీ

దొరలకు ఎదురు తిరిగిన సంగపోళ్ల గొడవలు ముదురుతున్న రోజుల్లో, ఇనుపరాయి దొరికే బయ్యారం పక్కనున్న మా ఊరి దొర ప్రతాపరావుగారు లోకకల్యాణం కోసం ఒక ప్రకటన చేశారు. "ఈ నేలలో ఇనుమంతా నాది. నాగలి కర్రు దిగినంత లోతే రైతుది!" ఆయన కోటలాంటి గడిలో కాగితాలు చదివే పంతుల్ని కనుక డప్పు వెనక నడిచి ఊరంతా వినిపించే భాగ్యం నాకే దక్కింది.

ఇనుముకూ రైతుకూ ఏం సంబంధమని మీరడుగుతారు. మీలాంటి అజ్ఞానుల కోసమే దొరగారు పట్నం నుంచి సైంటిస్టు సంజీవరావుగారిని రప్పించారు. ఆయన లచ్చవ్వ తోటకూర మడిలోకి బూట్లతో దిగి, ఒక మొక్క పీకి, వేరును కర్రు పక్కన పెట్టి కొలిచారు. కర్రు కన్నా వేరు జానెడు పొడుగుంది.

"దొంగ దొరికింది! ఈ వేరు పులుపు కక్కి మట్టిలో ఇనుమును కరిగిస్తుంది. నీళ్లతో కలిపి తాగుతుంది. కాడలో మోసుకెళ్లి ఆకులో దాస్తుంది. క్లియర్ కేస్ ఆఫ్ స్మగ్లింగ్!"

"నేను ఇత్తులు జల్లి నీళ్లు వోసిన, గంతే బాంచెన్," అంది లచ్చవ్వ. "అది కింద ఏం జేస్తదో నాకేమెరుక?"

"నేరానికి సహకారం," అని ఆయన రాసుకున్నారు.

మడి జప్తు చేయమని దొరగారు సెలవిచ్చారు. ఆ మూడు గుంటలు తప్ప లచ్చవ్వకు లోకంలో ఏమీ లేదు. సైన్సు జరుగుతున్నచోట ఏడవడం మర్యాద కాదని చెప్పాను. ఆమె వినలేదు.

అప్పుడు పక్కింటి యాకమ్మ లేచింది. సంగంలో చేరినప్పటి నుంచి ఆమెకు నోరు పెరిగింది.

"దొంగసొమ్ము తిన్నోళ్లు గూడ దొంగలే గద దొరా? లచ్చవ్వ ఒక్కతేనా?"

దొరగారు మురిసిపోయారు. ఊరి భూములన్నీ ఒక్కసారే కళ్లముందు మెదిలి ఉంటాయి. ఎవరి ఒంట్లో ఇనుము దొరికితే వాళ్లే దొంగలని, వాళ్ల ఆస్తంతా జప్తని హుకుం రాయించి, దస్కతు చేశారు.

మర్నాడు గడి ముందు ఊరంతా వరసకట్టింది. సంజీవరావుగారు ఒక్కొక్కరి కింది రెప్ప లాగి చూశారు. ఒంట్లో ఇనుముంటే లోపల ఎర్రగా ఉంటుందట. లచ్చవ్వది సున్నంలా తెల్లగా ఉంది. యాకమ్మది తెలుపు. ఎవరిది చూసినా తెలుపే.

"మరి ఆకంతా ఎటు పోయింది?" అని అడిగారాయన.

"గడికే పాయె సారూ! ముప్పై ఏండ్ల సంది పొద్దుగాల మొదటి కోత గంపెడు గడికి వెట్టి. మాకు గంజే మిగిలె," అంది లచ్చవ్వ.

పాపం, సంజీవరావుగారికి శాస్త్రం తప్ప లోకం తెలియదు. గిర్రున తిరిగి దొరగారి రెప్ప లాగారు. పండు మిరపకాయే!

దస్కతు చేసిన హుకుం నా చేతిలోనే ఉంది. ముందుగా నవ్వింది యాకమ్మ. తర్వాత ఊరంతా నవ్వింది. నాకూ వచ్చింది గానీ గడి ఉప్పు తిన్నవాణ్ని, మింగేశాను.

సాయంత్రానికల్లా సంజీవరావుగారి కొత్త రిపోర్టు తయారైంది. "ఈ ఊరి మట్టిలో గానీ, ఆకులో గానీ ఇనుము జాడే లేదు. జప్తులన్నీ రద్దు." అదీ డప్పు వెనక నేనే చదివాను.

తెల్లారి గంప రాలేదని దొరగారు నన్నే తోలారు. లచ్చవ్వ పొయ్యి మీద కుండ నిండా తోటకూర ఉడుకుతోంది.

"పంతులూ, గీ ఆకుల ఇనుము లేదని నిన్న నువ్వే సదివితివి గద?" అంది, గరిటె తిప్పుతూ. "గసొంటి గడ్డి దొరకు వెడ్తనా? పాపం తగుల్తది!"

ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గడి దారి పట్టాను.