వాక్కు ముందు, గేయం తర్వాత

మహా వాగ్గేయకారుణ్ణి స్మరించుకునే సభకు ఆయన పాట అడ్డు రాకూడదన్నది, సంగీతాన్ని గౌరవించే ప్రభుత్వాలన్నీ ఎప్పుడో ఒప్పుకున్న సూత్రం. ఈ సంగతి తెలియని పాటల టీచరు మాత్రం ఆయన కీర్తన ఒకటి నెలల తరబడి సాధన చేసి మరీ వచ్చింది.

వస్తూ వస్తూ అక్కను వెంటబెట్టుకొచ్చింది. ఆ కీర్తన నేర్పింది అక్కే. గొంతుకు ఆపరేషనయ్యాక అక్కకు పాట పోయి గుసగుస మిగిలింది. "నువ్వు పాడితే నేను పాడినట్టేనే," అని ఆ గుసగుసతోనే చెప్పి ముందు వరసలో కూర్చుంది. (ముందు వరస అతిథులదని తేలడంతో మధ్య వరసకు, అది అతిథుల డ్రైవర్లదని తేలడంతో చివరి వరసకు మారింది.)

సభ నడిపేది స్మరణోత్సవాల శాఖ కార్యదర్శి. వాగ్గేయకారుడంటే వాక్కూ గేయమూ రెండూ కట్టినవాడు కాబట్టి, ముందు వాక్కు పని కానిచ్చి ఆపైన గేయం సంగతి చూడాలని శాఖ నియమావళి. ఆ ప్రకారం అధ్యక్షుడు తనకు సంగీతం రాదని ముప్పావుగంట వివరించాడు. ముఖ్య అతిథి తనకూ రాదని, కాకపోతే అధ్యక్షుడికి రానంతగా కాదని వినయంగా సెలవిచ్చాడు. ఆత్మీయ అతిథి చిన్నప్పుడు సంగీతం మాస్టారు తన చెవి మెలిపెట్టిన వైనం చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత వక్తలకు, వక్తలను పిలిచినవారికి, మైకు అద్దెకిచ్చినవారికి జ్ఞాపికలు ఇచ్చారు. (వాగ్గేయకారుడి ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కనుక వాటి మీద ముఖ్య అతిథి ముఖం వేయించారు.)

తెర పక్కన శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న టీచరు దగ్గరికి కార్యదర్శి వంగి వంగి వచ్చాడు.

"అమ్మా, టైం చాలట్లేదు. మీ పాటలో ముక్కలెన్ని?"

"పల్లవి, అనుపల్లవి, చరణమండీ."

"మూడా! ఒకే అర్థం వచ్చేవి ఉంటే కలిపెయ్యండి."

"అలా కుదరదండీ."

"పోనీ, చరణం తీసెయ్యండి."

కాసేపాగి వచ్చి అనుపల్లవి కూడా తీసేశాడు. పల్లవి వంతు వచ్చేసరికి ఆయనకే జాలేసింది.

"ఏమనుకోకండి. మీరు పాడుతున్నట్టు ఫోటో తీయిస్తాను. రికార్డుల్లో పాడినట్టే లెక్క. నోరు తెరిస్తే చాలు."

"మా అక్క వచ్చిందండీ, వినడానికి..."

"ఆవిడకీ ఒక కాపీ పంపిస్తాం."

వందన సమర్పణ అయింది. జనం గండి పడ్డ చెరువులా భోజనాల గదిలోకి పోయారు. టీచరు వేదికెక్కి కూర్చుంది.

"నోరు తెరవండమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు.

తెరిచింది. ఖాళీ కుర్చీలకు అవతల అక్క తొడ మీద తాళం మొదలుపెట్టి ఎదురుచూస్తోంది. పల్లవి దానంతటదే వచ్చేసింది.

"చాలమ్మా, ఫోటో వచ్చేసింది!"

టీచరు అనుపల్లవి ఎత్తుకుంది. కార్యదర్శి చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చి మైకు తీయించాడు. పాట మాత్రం తీయించలేకపోయాడు. చరణం దగ్గర, కుర్చీలు మడిచే మనిషి మడిచిన కుర్చీనే మళ్లీ విప్పుకుని కూర్చున్నాడు. చివరి వరసలో అక్క పెదవులు చరణం చివరిదాకా కదిలాయి.

కిందికి దిగాక అక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అనుపల్లవిలో తొందరపడ్డావే," అంది గుసగుసగా.

"మైకు లాగేస్తుంటేనూ!" అంది చెల్లెలు. ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుకున్నారు.

మర్నాడు శాఖ ప్రకటన వెలువడింది. ఉత్సవం ప్రశాంతంగా ముగిసింది. ముగిశాక హాల్లో ఒక పాట జరిగిన మాట వాస్తవమే. ప్రాణనష్టం లేదు. ఇటువంటివి పునరావృతం కాకుండా, వచ్చే ఏడాది నుంచి సంగీతం వచ్చినవారిని గేటు దగ్గరే ఆపేస్తారు.