లిక్విడ్ టీ, మిగిలిన దుప్పటి

"నా కంటి నుంచి తప్పించుకున్న నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టినా, వాడి ఉయ్యాల కింద నేను ముందే నక్కి ఉంటాను!"

లాండ్రీ నడిమధ్యన నిలబడి, ఒక చెయ్యి గుండె మీదా రెండో చెయ్యి బల్ల మీదా వేసి ఇలా ప్రకటించాడు తాళంచెవి. రెండో చెయ్యి పడింది బల్ల మీద కాదు, అప్పుడే దించిన ఇస్త్రీపెట్టె మీద. దాంతో ప్రకటన చివర ఒక గావుకేక కూడా చేరింది.

లాండ్రీ యజమాని పరుగున వెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చి వాడి వేళ్ళు అందులో ముంచాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో అతను చేసిన సేవల్లో సగం ఇలాంటివే.

తాళంచెవిది వీధి మొదట్లో తాళాలు బాగుచేసే దుకాణం. ఆ పేరులో తాళం భాగం బాగానే పనిచేస్తుంది, చెవి భాగంతోనే చిక్కు. ఎడమచెవి ఏనాడో సెలవు పెట్టింది. కుడిచెవి తనకి నచ్చినంత మేరకే వింటుంది. అయినా వాడు తన బోర్డు కింద "రహస్యాలు కూడా తెరవబడును" అని ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. ఇంతవరకు రెండు కేసులు పట్టాడు. తప్పిపోయిన సైకిలు ఒకటి. అది వాడిదే, వాడు పెట్టినచోటే దొరికింది. తప్పిపోయిన పిల్లి ఇంకొకటి. నాలుగు రోజులు వెంటాడి పట్టుకొచ్చాడు. అది వేరే పిల్లి.

అలాంటివాడితో లాండ్రీ యజమాని ఆ రోజు నోరు జారాడు. ఇతణ్ణి వీధిలో అందరూ ఇస్త్రీ అంటారు.

"మా ఆవిడ రోజూ మధ్యాహ్నం మూడింటికి వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటోందిరా. చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరితోనో గుసగుసలాడుతోంది. రెండున్నర నెలలైంది."

"అడిగావా?"

"అడగలేదు."

"ఏం?"

ఇస్త్రీ మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. ఈ మధ్య ఆవిడ అతనితో గుండీల గురించీ మరకల గురించీ తప్ప మాట్లాడడం మానేసింది. మునుపు అలా ఉండేది కాదు. లాండ్రీ పెట్టిన కొత్తల్లో ఇద్దరూ ఒకే దుప్పటి చెరో అంచూ పట్టుకుని మడతపెడుతూ కబుర్లాడుకునేవారు.

"ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. ఈ కేసు నాది," అన్నాడు తాళంచెవి, చెంబులోంచి చెయ్యి తియ్యకుండానే.

మర్నాడు మధ్యాహ్నం వాడు మారువేషంలో వచ్చాడు. నల్లకళ్ళద్దాలు, పెట్టుడు మీసం, చేతిలో ఒక మాసిన చొక్కా. కౌంటర్లో ఇస్త్రీ భార్య ఉంది.

"నేను పరాయి ఊరివాణ్ణి," అన్నాడు గొంతు మార్చి. "ఈ వీధికి రావడం ఇదే మొదటిసారి."

ఆవిడ చొక్కా తీసుకుని చీటీ రాసింది. "ఎల్లుండి ఇస్తాం అన్నయ్యా. మీసం ఎడమపక్క ఊడుతోంది, చూసుకో."

"చూశావా ఆ చూపు?" అన్నాడు వాడు బయటికొచ్చి, ఇస్త్రీ మోచెయ్యి పట్టుకుని. "అది మామూలు ఆడదాని చూపు కాదు. ఆరితేరిన చూపు!"

మూడు కొట్టగానే ఇద్దరూ పక్క సందులో వెనక గది కిటికీ కింద నక్కారు. తాళంచెవి స్టీలు గ్లాసు గోడకి ఆనించి, దానికి కుడిచెవి ఆనించాడు. కాసేపటికి వాడి మొహం పాలిపోయింది.

"ఏమంటోంది?"

"లిక్విడ్... టీ. లిక్విడ్ టీ అంటోందిరా! మూడుసార్లు అంది!"

"టీ లిక్విడ్ కాక మరేముంటుంది?"

"పిచ్చివాడా! టీలో లిక్విడ్! విషం! ఒరేయ్, ఇవాళ టీ తాగావా?"

"రెండు కప్పులు."

తాళంచెవి అతని కనురెప్పలు పైకెత్తి చూశాడు, నాలుక చాపమన్నాడు, నాడి పట్టుకున్నాడు. అది నాడి ఉండే చోటు కాదు. "బతికే ఉన్నావు. ప్రస్తుతానికి," అని తేల్చి మళ్ళీ గ్లాసుకి చెవి అప్పగించాడు.

"పార్ట్‌నర్... షిప్పు. అర్థమైందా? ఒక పార్ట్‌నర్ ఉన్నాడు. వాడితో ఓడెక్కి పారిపోతుంది."

"ఈ ఊళ్ళో సముద్రమే లేదు కదరా."

"అదే వాళ్ళ తెలివి! ఎవరికీ అనుమానం రాదు. ఆగాగు... బ్యాలెన్స్ షీట్ అంటోంది. బ్యాలెన్స్ అంటే మిగిలినది. షీట్ అంటే దుప్పటి. మిగిలిన దుప్పటి!" తాళంచెవి గ్లాసు దించి స్నేహితుడి భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, అది నిన్ను చుట్టడానికి."

ఇస్త్రీకి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఆవిడ గొంతు కాస్త పెద్దదయింది. ఈసారి గ్లాసు అక్కర్లేకుండానే అతని రెండు మంచి చెవులకీ వినబడింది.

"ఎనిమిదేళ్ళయిందండీ తెచ్చుకుని. శబ్దం ఎక్కువ, పని తక్కువ. అభిమానం కొద్దీ ఉంచుకున్నాను. లెక్క చూస్తే దాని విలువ సున్నా. తీసేసి కొత్తది పెట్టుకోవడమే మేలు."

ఇస్త్రీ నవ్వు మొహం మీదే ఆరిపోయింది. వాళ్ళ పెళ్ళయి ఎనిమిదేళ్ళు. అతనికి గురక కూడా ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ టీ ఇచ్చింది. అతను కప్పు పట్టుకుని ఆవిడ అటు తిరగ్గానే కిటికీలోంచి పారబోశాడు. కిటికీ కింద కాపలాకి కూర్చున్న తాళంచెవి నెత్తి మీద పడింది. "విషం! విషం!" అని అరుస్తూ వాడు వీధి కుళాయి దాకా పరిగెత్తాడు. మర్నాడు టీ బకెట్లో పోస్తే ఒక ప్లీడరుగారి తెల్లచొక్కా గోధుమరంగుకి తిరిగింది. నాలుగురోజులకి ఇస్త్రీకి టీ లేక తలనొప్పి పట్టుకుంది.

"ఇవి విషం లక్షణాలే," అన్నాడు తాళంచెవి తృప్తిగా.

"తాగకుండానేనా?"

"అంత ఘాటైన విషంరా!"

అయిదోరోజు మధ్యాహ్నం వల పన్నారు. ఆ రోజు ఇస్త్రీకి ఇంకో పని కూడా ఉంది. వాళ్ళకి ఉతకడానికి దుప్పట్లు వేసే పెద్ద లాడ్జి మేనేజరు నాలుగింటికి మరో ఏడాదికి ఒప్పందం కాయితం తెస్తానన్నాడు. ఆ సంగతి తలుచుకునే స్థితిలో అతను లేడు. ఏడాది సంగతి దేవుడెరుగు, సాయంత్రం దాకా ఉంటే చాలనుకుంటున్నాడు.

పథకం తాళంచెవిదే. ఉతికిన లాడ్జి దుప్పట్ల గుట్టలో వాడు ముందే దూరి కూర్చుంటాడు. ప్రమాదం ముదిరినప్పుడు మూడుసార్లు దగ్గుతాడు. ఇస్త్రీ తలుపు బద్దలుకొట్టి లోపలికి రావాలి.

మూడింటికి ఆవిడ వచ్చి గడియ పెట్టుకుంది. బల్ల మీద నోటుపుస్తకం తెరిచి, సబ్బుపొడి డబ్బాకి ఫోను ఆనించి, చెవుల్లో వైర్లు పెట్టుకుంది. గుట్టలో తాళంచెవి చెమటలో నానుతున్నాడు. దుప్పట్ల మధ్య చిక్కిన సబ్బుపొడి ముక్కులోకి పోతోంది.

"నమస్కారమండీ. ఇవాళే నా ఫైనల్," అంది ఆవిడ. "ముందు డెడ్ స్టాక్ చూపిస్తాను. మా దగ్గర ఇప్పుడు పదిహేడు ఉన్నాయి. ఎవరూ వచ్చి తీసుకెళ్ళలేదు."

పదిహేడు శవాలు! తాళంచెవికి గుండె గొంతులోకి వచ్చింది. దాని వెనకే సబ్బుపొడి కూడా వచ్చింది.

"హా...చ్! హా...చ్! హా...చ్!"

దగ్గో తుమ్మో ఇస్త్రీ ఆలోచించలేదు. మూడు లెక్క సరిపోయింది. భుజంతో తలుపుని ఒక్క తోపు తోశాడు. ఆ గడియ పోయిన నెలే తాళంచెవి బాగుచేసినది కాబట్టి మర్యాదగా ఊడి చేతికొచ్చింది. అతను తోసిన ఊపుకి గది అవతలి గోడ దాకా వెళ్ళి ఆగాడు.

అదే క్షణంలో గుట్ట లేచి నిలబడింది. "ఆగు చెల్లెమ్మా! పదిహేడు చాలు! పద్దెనిమిదోవాడు నా స్నేహితుడు!" అంటూ దుప్పటి కప్పుకున్న ఆకారం ముందుకి దూకింది. దుప్పటి కాళ్ళకి అడ్డంపడింది. ఆకారం బోర్లాపడుతూ చేతికందిన వైరు పట్టుకుంది. ఆ వైరు ఆవిడ చెవుల్లోంచీ ఫోనులోంచీ ఒకేసారి ఊడొచ్చింది.

అంతే. ఫోనులోంచి ఒక పెద్దావిడ కంఠం గదంతా ఖంగుమంది.

"ఏమ్మా, బాగానే ఉన్నారా? ఆ దుప్పట్లో ఎవరు? మీ పార్ట్‌నరా?"

ఇస్త్రీ ఫోను వైపు చూశాడు. తెర నిండా చిన్న చిన్న గళ్ళు. గడికో మొహం. కుట్టుమిషను ముందు ఒకావిడ, కూరగాయల తట్టల మధ్య ఒకాయన, చంకలో పిల్లతో ఇంకొకావిడ. అందరూ నోళ్ళు తెరుచుకుని ఈ గదినే చూస్తున్నారు.

"ఎవరు వీళ్ళంతా?" అన్నాడు.

"నా క్లాసు," అంది భార్య. మొహం ఎర్రబడింది. "లెక్కలు రాయడం, పెట్టుబడి చూసుకోవడం, సొంతంగా వ్యాపారం నడపడం. ఫోనులోనే నేర్పుతారు. పన్నెండు వారాలు. ఇవాళ ఆఖరి పరీక్ష. మన లాండ్రీ గురించే చెప్పాలి."

"పదిహేడు శవాలు?" అన్నాడు తాళంచెవి నేల మీంచి.

"ఎవరూ తీసుకెళ్ళని బట్టలు అన్నయ్యా. అందులో నీ చొక్కా ఒకటి."

"లిక్విడ్ టీ?"

"లిక్విడిటీ. చేతిలో ఆడే డబ్బు."

ఇస్త్రీ చేతిలోని గడియని అటూ ఇటూ తిప్పాడు. "మరి... ఎనిమిదేళ్ళు వాడినది? శబ్దం ఎక్కువ, పని తక్కువ?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఏం వినిపించిందో, ఎలా అర్థమైందో ఆవిడకి ఒక్కసారిగా తెలిసింది. నవ్వాపుకోలేక నోటికి అడ్డంగా కొంగు పెట్టుకుంది. "పాత వాషింగ్ మిషనండీ! అయ్యో రామ, అందుకేనా నాలుగురోజులుగా అలా ఉన్నారు?"

"నాకు చెప్పొచ్చుగా, చదువుకుంటున్నానని?"

ఆ నవ్వు ఆగిపోయింది. "చెప్పబోయాను. మొదటి వారం ఒక్కో దుప్పటికి సబ్బు ఎంతవుతోందని అడిగాను. గుర్తుందా? షాపులో నలుగురి ముందు నవ్వారు. నీకెందుకు లెక్కలు, గుండీలు చూసుకో అన్నారు. వాళ్ళూ నవ్వారు."

అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు నలుగురూ నవ్వితే తనేదో గొప్ప జోకు వేశాననుకున్నాడు. ఇప్పుడు ఫోనులో ముప్ఫై మంది ఉన్నారు, ఒక్కరూ నవ్వడం లేదు.

అతను గోడ దగ్గర్నుంచి వచ్చి బల్ల ముందు చతికిలబడ్డాడు. "ఎంతవుతోంది?" అని అడిగాడు.

"ఏంటి?"

"ఒక్కో దుప్పటికి."

ఆవిడ నోటుపుస్తకం అతని వైపు తిప్పింది. "సబ్బు, నీళ్ళు, కరెంటు, మీ చాకిరీ అన్నీ కలిపితే పదకొండున్నర. లాడ్జి మనకిస్తోంది పది. ఎక్కువ దుప్పట్లు వచ్చినకొద్దీ మనం ఎక్కువ మునుగుతున్నాం. పోయిన ఏడాది పని పెరిగిందని సంబరపడ్డామే, మునిగింది అప్పుడే."

అతను ఆ పేజీని రెండుసార్లు చదివాడు. వేలు పెట్టి కూడుకుంటూ మూడోసారి చదివాడు. లాండ్రీలో రాత్రింబవళ్ళు వొళ్ళు హూనం చేసుకున్నా చేతిలో ఏమీ ఎందుకు మిగలడంలేదో ఏడాదిగా అతనికి అంతుచిక్కలేదు. అది ఇక్కడ నీలం సిరాతో రెండు వరసల్లో రాసి ఉంది.

"అనుకున్నదే అయింది," అన్నాడు తాళంచెవి లేచి కూర్చుని. "దొంగని పట్టేశాను. లాడ్జి!"

"ఎవరండీ లోపల?" అని ముందుగదిలోంచి కేక వినబడింది. లాడ్జి మేనేజరు చెప్పిన టైముకంటే ముందే వచ్చేశాడు. పిలిచినా ఎవరూ పలక్కపోయేసరికి గడియ లేని తలుపు దాకా వచ్చి, లోపలి దృశ్యం చూసి గుమ్మంలో ఆగిపోయాడు. ఒకడు దుప్పటి కప్పుకుని నేల మీద ఉన్నాడు. ఇంకొకడి చేతిలో గడియ ఉంది.

"ఒప్పందం తెచ్చాను," అన్నాడు ఆయన జాగ్రత్తగా. "పాత రేటే. సంతకం పెట్టేస్తే వెళ్ళిపోతాను."

ఇస్త్రీ కాయితం అందుకోలేదు. "రేటు సంగతి ఆవిడతో మాట్లాడండి. నేను ఇక్కడ ఇస్త్రీ చేస్తాను, అంతే."

ఆవిడ భర్త వైపు ఒక్కక్షణం చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపుకుంది.

"పదిహేను," అంది.

"పదిహేనా! ఇంకో లాండ్రీ చూసుకుంటానమ్మా."

"చూసుకోండి. పదికి ఉతికేవాడు ఎవరైనా సబ్బు మానేసి ఉతుకుతాడు. మీ లాడ్జిలో దిగినవాళ్ళు వాసన చూసి చెబుతారు."

"పదకొండు."

"దానికి మా ఖర్చే రాదు. ఇదిగో లెక్క, మీరే చూడండి."

మేనేజరు లెక్క చూశాడు. గడ్డం గోక్కున్నాడు. పన్నెండన్నాడు, పదమూడన్నాడు, పెళ్ళాం పిల్లలు గలవాణ్ణన్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి పద్నాలుగు దగ్గర ఆయన జేబులోంచి పెన్ను తీసి కాయితం మీద పాత అంకె కొట్టేసి కొత్తది వేశాడు. ఆవిడ సంతకం చేసింది.

ఒక్కసారిగా గదిలో చప్పట్లు మోగాయి. మేనేజరు అదిరిపడి గోడలూ కప్పూ చూశాడు. ఫోను ఇంకా సబ్బుపొడి డబ్బాకి ఆనుకునే ఉంది. కుట్టుమిషనావిడ, కూరగాయలాయన, చంకలో పిల్ల, అందరూ కొడుతున్నారు.

"ఇక చెప్పక్కర్లేదమ్మా," అంది పెద్దావిడ కంఠం. "చేసి చూపించారు. పాస్!"

ఇస్త్రీ కూడా గడియ కింద పడేసి చప్పట్లు కొట్టసాగాడు. అందరికంటే గట్టిగా, అందరూ ఆపేశాక కూడా.

తాళంచెవి లేచి నిలబడ్డాడు. దుప్పటి భుజాల మీద సర్దుకున్నాడు. ఎవరు ఎవరికి కొడుతున్నారో వాడికి సరిగ్గా వినబడలేదు. ఫోను ముందుకి వచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, ముప్ఫై గళ్ళకీ పేరుపేరునా వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.