ఆవిరికి మోగే సైరన్

వారం క్రితం మా ఇంట్లో ఒక తడి తువ్వాలు కోసం పెద్ద గొడవ జరిగింది. మా అత్తగారు కన్యకాంబగారు దాన్ని ఈతకొలను గదిలో ఆరేశారు. దొంగల అలారం మోగింది.

"ఇంత ఇల్లుండగా ఆ అలారం పెట్టి ముందే ఆరెయ్యాలేటమ్మా?" అన్నారు మావారు నగరేశ్వరరావు.

"తువ్వాల్ని సూసి దొంగనుకుంటే అది పెట్టి తప్పు గాని, నా తప్పేటిరా?"

అవును, మాకు ఇంట్లోనే ఈతకొలను ఉంది! గోల్‌బజార్‌లో మా బట్టలకొట్టు నాలుగు రాళ్లు చూడగానే, మావారు కలకత్తా హోటల్లో చూసినలాంటి కొలను వెనక గదిలో కట్టించారు. చలికాలానికి నీళ్లు వేడెక్కించే యంత్రం కూడా పెట్టించారు. ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఐదేళ్ల మా కుసుమకైతే నీళ్లంటే భయం కూడా లేదు.

కనుక అనుభవంతో చెబుతున్నాను. ఈతకొలను గదికి అలారం కొనేవాళ్లు, ఊరికే మోగేదే కొనండి!

దుకాణంలో మూడు రకాలు చూపించారట. నీళ్లలో ఎవరైనా పడితే మోగేది ఒకటి. తలుపు తీస్తే మోగేది, చెమ్మకు తుప్పు పట్టనిది ఇంకొకటి. గదిలో వెచ్చనిది ఏది కదిలినా మోగేది మూడోది.

"ఎర్ర బల్బు దేనికుంది?" అని అడిగారట మావారు. మూడోదానికి ఉంది. ఎంపిక పూర్తయింది!

ఆ గదిలో రోజంతా వెచ్చగా కదిలేది ఆవిరే కదా అన్నాను.

"బి.ఎ.లో ఇది కూడా చెప్పినారేటి నీకు?" అన్నారు.

ఇక లాభాలు వినండి. మొదటి వారం అది మోగగానే అందరం పరుగెత్తాం. రెండో వారం ఇద్దరం. నెల తిరిగేసరికి ఎవరమూ తల కూడా తిప్పలేదు. ఇంత నిబ్బరం ఏ యోగాసనం నేర్పుతుంది?

పక్కింటి అప్పలస్వామిగారికి మరీ మేలు. రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు సైరన్‌కి లేచిన ఫిట్టరు. రిటైరై రెండేళ్లయినా, మా అలారం మోగితే చాలు, ఖాళీ టిఫిన్ క్యారియర్ పట్టుకుని మా గేటు దాకా వచ్చేస్తారు. ఉచితంగా వ్యాయామం!

మొన్న ఆదివారం అది మళ్లీ మోగింది. మావారు పేపరు తిప్పారు. అత్తగారు "ఆవిర్లే" అన్నారు. నేను, దాచడం దేనికి, పోపులో కరివేపాకు వేశాను.

కాసేపటికి అప్పలస్వామిగారు పెరటి తలుపులోంచి వచ్చారు. ఒక చేతిలో క్యారియర్. చంకలో కుసుమ. పిల్ల ఒక కాలు మోకాలి దాకా తడిసి ఉంది.

"మెట్టు దిగతన్నాది. కిటికీలోంచి సూసినాను. సైరన్ కొట్టింది కదా, మీరెవ్వరూ డూటీకి రారేటమ్మా?"

నేను పిల్లని అందుకుని కొంగుతో కాలు తుడిచాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారు గొంతు సవరించుకున్నారు. "ఇంకా గట్టిగా మోగేది తెస్తాను."

నేను పప్పు గరిటె కింద పెట్టాను.

"అక్కర్లేదు. రేపు పొద్దున్నే నీళ్లన్నీ తోడించేస్తున్నాను. తలుపుకి పిల్లకి అందని ఎత్తులో గడియ, నీళ్లలో పడితే మోగే అలారం, ఈ రెండూ వచ్చేదాకా అది తువ్వాళ్లు ఆరేసుకునే గది."

అత్తగారు లేచి, తడి తువ్వాలు తీసుకుని అటు వెళ్లారు. అలారం మోగింది.

ఎంగిలి చేతులతోనే అందరం లేచాం.