మా ఊరి వారసత్వ దవడ

పాఠక మహాశయులకు శుభవార్త. మా కిష్‌లూదాష్ పట్టణ విశిష్ట సంపదలో ప్లమ్ పళ్ళ సారా, పెద్దబాతు కొవ్వు పూసిన రొట్టె, పాత గంటస్తంభం ఇదివరకే ఉన్నాయి. ఇప్పుడు వాటి సరసన వెండెల్ గారి పైదవడ చేరింది. పురపాలక సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. దవడ యజమానిని అడగాలని నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఆస్ట్రియా సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న హంగరీ పట్టణం మాది. పెద్దవీధిలో ఒక చర్చి, ఒక రొట్టెల దుకాణం తప్ప మిగిలినవన్నీ పళ్ళ ఆసుపత్రులే. పొద్దున బోసినోళ్ళతో బస్సు దిగిన ఆస్ట్రియా వాళ్ళు మధ్యాహ్నానికి ఆపిల్ కొరికే ధైర్యంతో తిరిగి వెళ్తారు. మాకు పన్ను నొప్పి వస్తే మాత్రం స్లొవేకియా బస్సెక్కుతాం. అతిథుల కోసం వేసిన కుర్చీల్లో ఇంటివాళ్ళు కూర్చోవడం మర్యాద కాదు.

వెండెల్ అగ్నిమాపక దళం బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. కిందటేడు ఈస్టర్ నాడు పందెం కాసి వాల్‌నట్ కొరికాడు. వాల్‌నట్ చెక్కుచెదరలేదు. పైవరసలో ముందుపళ్ళు రెండూ విరిగి, వేళ్ళతో సహా తీయించుకోవలసి వచ్చింది. ఆ పళ్ళు లేకుండా ట్రంపెట్ పలకదు. ట్రంపెట్ పలకకపోతే సెయింట్ మార్టిన్ పండుగనాటి బాతుల విందులో అతని స్థానంలో స్పీకరు పెడతామని మేయర్ ఓడోన్ గారు సెలవిచ్చారు. ముప్ఫయ్యేళ్ళుగా వాయిస్తున్న మనిషికి అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ ఎమోకె ఆసుపత్రిలో కొత్త స్కానింగ్ యంత్రం దిగింది. గడ్డం ఆన్చి కదలకుండా నిలబడితే చాలు, యంత్రం తల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎముక ఎంత మందంగా ఉంది, నరం ఎక్కడ పోతోంది, కొత్త పన్నును నిలిపే మర ఎముకలో ఎక్కడ దించాలి, అన్నీ చూపిస్తుంది. ప్రారంభోత్సవానికి ఒక దవడ కావలసి వచ్చింది. మేయర్ గారు తమ దవడ ప్రజాసేవకు అంకితమైనదనీ, కదలకుండా ఉండలేదనీ చెప్పి తప్పుకున్నారు. రెండు పళ్ళు ఉచితంగా పెడతామని ఆశపెట్టి వెండెల్‌ను నిలబెట్టారు.

చౌరస్తాలో పెద్ద తెర మీద అతని దవడ వెలిగింది. జనం టోపీలు తీశారు.

"ఇంత దిట్టమైన ఎముక నా సర్వీసులో చూళ్ళేదు బాబాయ్. వచ్చే వారమే మరలు దించేద్దాం," అంది ఎమోకె.

"ఆగమ్మా డాక్టరమ్మా. మరలు దించితే బొమ్మ మారిపోదూ?" అన్నారు మేయర్ గారు.

మారిపోతుంది మరి. నెల తిరక్కుండా ఆ బొమ్మ బస్టాండులో, సారా సీసాల మీద, సరిహద్దు దగ్గర స్వాగత ఫలకం మీద వెలసింది. ఆ వెంటనే విశిష్ట సంపద హోదా వచ్చింది. హోదా వచ్చిన వస్తువులో రంధ్రాలు చేయరాదన్నది పాత నిబంధన. గంటస్తంభం కోసం రాసినదే అయినా దవడకు చక్కగా సరిపోయింది.

వెండెల్ మేయర్ గారి దగ్గరికి పోయాడు. "నా నోట్లో పళ్ళు పెట్టించుకోడానికి మీ పర్మిషనేంటండీ?"

"నోరు నీదేనయ్యా, ఎవరు కాదన్నారు? ఊరి పరువు కూడా అందులోనే ఉందిగా. కాస్త సర్దుకో."

"సర్దుకుంటే సూప్ తాగొచ్చండీ. ట్రంపెట్ ఊదలేను."

పన్ను లేనిచోట ఎముక నానాటికీ అరిగిపోతుందని ఎమోకె హెచ్చరించింది. సంఘం ఈ విషయాన్ని తీవ్రంగా పరిగణించి, ఎముక అరగరాదని తీర్మానం చేసింది. అది ఎముకకు అందినట్టు లేదు. ఏడాది తర్వాత మళ్ళీ స్కాన్ తీస్తే, మర దించడానికి చోటే లేదు. మేయర్ గారు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి పరిశీలించి, మొదటి చిత్రంలో ఏ లోపమూ లేదనీ, దవడే దారి తప్పిందనీ తేల్చారు. తనకు అప్పగించిన వారసత్వ సంపదను ఎందుకు నిర్లక్ష్యం చేశావో సంజాయిషీ ఇవ్వమని వెండెల్‌కు నోటీసు పంపారు.

వెండెల్ సంజాయిషీ ఇవ్వలేదు. ఆ ఏడు మార్టిన్ పండుగకు బ్యాండులో పెద్ద డోలు తగిలించుకుని వచ్చాడు. డోలుకు పళ్ళతో పనిలేదు. స్పీకరులోంచి ట్రంపెట్ మోగింది. మేయర్ గారు దవడ మహిమ గురించి ప్రసంగిస్తుంటే, ప్రతి వాక్యం మధ్యలోనూ వెండెల్ ఒక్కటి వాయించాడు. ఇంత హాయిగా మేం ఏ ప్రసంగమూ వినలేదు.

చివర్లో పత్రికవాడు అందరినీ దవడ ఫలకం కింద నిలబెట్టి నవ్వమన్నాడు. మా ఊరివాళ్ళ నోళ్ళలో పళ్ళు అంతంతమాత్రమే కాబట్టి, అలవాటు చొప్పున అందరం పెదవులు విప్పకుండా నవ్వాం. వెండెల్ ఒక్కడే నోరారా నవ్వాడు.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. అందులో వెండెల్‌కు తళతళలాడే ముందుపళ్ళు రెండు దిద్ది అచ్చువేశారు. మా ఊళ్ళో మా ఊరివాడికి పళ్ళు పెట్టడం అదే మొదటిసారి. మాలో చాలామందిమి ఇప్పుడు ఆ పత్రిక ఆఫీసు ముందు క్యూ కట్టాం.