ఖాళీ బిందెతో అరగంట

డాక్టరు నడవమన్నా నడవడం లేదు, తప్పంతా ఆంజినమ్మదేనని ఊరు తీర్పు చెప్పేసింది. ఆ తీర్పును తీసుకుపోయి దిబ్బలో వేయండి. తప్పు మీది. పెద్దాసుపత్రి డాక్టరుగారూ, ముందు మీది. తలెత్తి మనిషి ముఖమైనా చూడకుండా "రోజూ పొద్దున అరగంట గట్టిగా నడువమ్మా, లేకుంటే ఈ చక్కెర జబ్బు నిన్ను మింగేస్తుంది" అన్నారే, ఆడమనిషి ఒక్కతే ఎక్కడ నడవాలో చెప్పారా? తాసిల్దారుగారూ, తర్వాత మీది. వాన మొహం మరిచిపోయిన ఊళ్లో నీళ్ల ట్యాంకరు ఏ పూట ఏ వీధికి వస్తుందో దేవరహస్యం చేసి కూర్చున్నది మీరు. ఎర్రదిన్నె మహాజనులారా, మీరు తప్పించుకున్నామని నవ్వకండి. మీ సంగతి చివర చెబుతాను.

ఆంజినమ్మ తాలూకా కచేరీలో టపా గుమాస్తా. ఆమె భర్త అక్కడే బంట్రోతు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బస్టాండులో కూలబడి మళ్లీ లేవలేదు. ఆయన పోయాక ఆమెకు ఈ కొలువు ఇచ్చారు కానీ ఖాయం చేయలేదు. పొద్దంతా కూర్చుని కవర్లకు జిగురు రాయడం, స్టాంపులు అంటించడం ఆమె పని. ఇంటికొస్తే సంగటి కెలకాలి, ఇద్దరు పిల్లల గుడ్డలు పిండాలి, తెల్లారితే మళ్లీ కచేరీ. కూర్చుని కూర్చుని కాళ్లు పొంగాయి. డాక్టరు చెప్పిన మాట విని కూతురు సుంకమ్మ అడిగింది: "అమ్మా, నాయన మాదిరి నువ్వు గూడా పోతే నేనూ తమ్ముడూ యాడుండల్ల?"

ఆ ప్రశ్నకు ఆంజినమ్మ కాళ్లతోనే జవాబు చెప్పదలచుకుంది. పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, సుంకమ్మను కాపలా కూర్చోబెట్టి, అది కాగేలోపు రైలు గేటు దాకా పోయి రావాలని నిర్ణయించుకుంది. ఇంతకన్నా చిన్న ఆలోచన ప్రపంచంలో ఉండదు.

మొదటి రోజు వీధి మలుపు దగ్గరే హోటలు గంగాధరప్ప పట్టుకున్నాడు.

"ఏమక్కా, ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదన్నా."

"మరి ఇంత జల్దిన యాడికి? చేతిలో చెంబు గూడా లేదే!"

ఆమె తల వంచుకుని ముందుకు పోయింది. వాకిలి చిమ్ముతున్న పక్కింటి ఓబులమ్మ చీపురు ఆపింది.

"ఏమ్మే, అలిగి పోతాండావా?"

"ఎవురి మీద అలగల్లక్కా?"

"అదీ నిజమేలే. అలిగేకి గూడా మొగుడుండల్ల గదా" అని ఓబులమ్మ మళ్లీ చిమ్మడంలో పడింది. దుర్మార్గంతో అన్న మాట కాదది. వాకిట్లో చెత్తతో పాటు వచ్చిన మాట. కానీ ఆంజినమ్మకు అది రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

ఊరి బయట దిగుడుబావి దగ్గర మేకలు తోలుకుపోతున్న ముసలి నాగన్న ఆమెను చూసి చేతికర్ర పడేసి పరుగెత్తుకొచ్చాడు. "తల్లీ, పిల్లోళ్ల ముఖం చూసుకో! బాయి దిక్కు పోవద్దు!" అని అడ్డం నిలబడ్డాడు. అంతలోనే తానే బావిలోకి తొంగిచూసి, "అయినా దూకేకి దాంట్లో నీళ్లు యాడుండాయిలే. కాలిరిగి నువ్వే అగసాట్లు పడతావు" అన్నాడు.

ఆంజినమ్మ ఇంటికి తిరిగొచ్చింది. ఎసరు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు.

మగవాడు ఉత్త చేతులతో ఊరంతా తిరిగితే షికారు. ఆడది తిరిగితే ఊరికి సంజాయిషీ ఇవ్వాలి. కానీ చంకలో బిందె ఉంటే ఎవరూ అడగరు. కరువు సీమలో బిందెను మించిన అనుమతి లేదు. మరునాడు ఆంజినమ్మ ఖాళీ ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని బయలుదేరింది. గంగాధరప్ప టీ వడపోస్తూ తల కూడా ఎత్తలేదు. ఓబులమ్మ చీపురు ఆగలేదు.

కొన్నాళ్లు హాయిగా నడిచింది. రైలు గేటు దగ్గర మనిషి అలికిడి ఉండదు. భర్త పోయాక ఆమెతో పనికో ఆరా తీయడానికో తప్ప ఊళ్లో మాట్లాడినవారు లేరు. కచేరీలో "ఈ కవరు పంపు", వీధిలో "పక్కకు జరుగు", అంతే. అందుకని గేటు దగ్గర బిందె మూతికి నోరు ఆనించి "బాగుండావా?" అని అడిగేది. బిందె లోపలినుంచి "ఉండావా?" అని తిరిగి అడిగేది. "ఉండాన్లే" అని ఆంజినమ్మ జవాబు చెప్పి, తనలో తాను నవ్వుకుని వెనక్కి తిరిగేది. ఆ ఊళ్లో ఆమె బాగోగులు అడిగింది ఆ బిందె ఒక్కటే.

బిందె ఖాళీగా పోయి ఖాళీగా తిరిగివస్తున్న సంగతి ఓబులమ్మ కనిపెట్టింది. వీధి ఆడవాళ్లను పోగేసింది.

"ట్యాంకరు యాడికొస్తాదో కచేరీలో పని చేసేదానికి తెలీకుండా ఉంటాదా? మనకు చెప్పకుండా ఒక్కతే పట్టుకుంటాండాది."

"పట్టుకుంటే బిందె నిండుండల్ల గదా?" అని మారెక్క అడిగింది.

"అదే మోసం! నీళ్లు యాడనో దాచిపెట్టి, ఖాళీ బిందె మనకు చూపిస్తాండాది."

ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగినవాళ్లు ఆ వీధిలో లేరు. మరునాడు పొద్దున ఆంజినమ్మ గడప దాటగానే వెనక ఓబులమ్మ, ఆమె వెనక మారెక్క, ఆ వెనక వీధి వీధంతా బిందెలతో కదిలింది. చప్పుడు విని ఆంజినమ్మ వెనక్కి చూసి గాబరా పడి వేగం పెంచింది. వాళ్లూ పెంచారు. ట్యాంకరు దగ్గర పడిందని వాళ్ల లెక్క.

"నేను ఊరికే నడుస్తాండా!" అని ఆమె అరిచింది.

"ఊరికే ఎవురన్నా నడుస్తారా మే? చెప్పు, యాడుండాది ట్యాంకరు?"

ఆంజినమ్మ పరుగెత్తింది. పక్క వీధి కలిసింది. హోటల్లో టీ తాగుతున్న మగవాళ్లు గ్లాసులతోనే లేచి వచ్చారు. గంగాధరప్ప దుడ్లకోసం వాళ్ల వెనక పరుగెత్తాడు. అతనూ ఊరేగింపులో మనిషే అయ్యాడు. ఏ జెండాకైనా కట్టె అందించే ఎర్రన్న జనాన్ని చూసి ఆగలేక చెయ్యెత్తాడు. "నీళ్లు ఇయ్యల్ల!" అన్నాడు. "ఇయ్యల్ల, ఇయ్యల్ల!" అన్నారు అందరూ. వెనక అన్ని వందల అడుగుల చప్పుడు వింటూ పరుగెత్తుతున్న ఆంజినమ్మకు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వీళ్లంతా తన కోసమే వస్తున్నారేమోనన్న పిచ్చి సంతోషం కలిగింది.

వెనక్కి పోను దారి లేదు. ముందున్నది తాసిల్దారు బంగళా. తెలిసిన గేటు కదా అని దాంట్లోకి దూరింది. జనమూ దూరింది.

కాపలా తిప్పన్న లోపలికి ఉరికాడు. "సార్, సార్! ఖాళీ బిందెల ఊరేగింపు! మన ఆంజినమ్మే ముందుండాది!"

ఎక్కడో డెల్టా జిల్లానుంచి బదిలీ అయి వచ్చిన తాసిల్దారు సగం గెడ్డం గీసుకుని, సగం సబ్బు నురగతో బయటికి వచ్చాడు. "ఆంజినమ్మా, నువ్వా? కవర్లు అంటించుకుంటుంటే అమాయకురాలివనుకున్నాను. ఏమిటి నీ డిమాండు?"

ఆంజినమ్మకు ఊపిరి ఆడటం లేదు. అరగంట నడిచేకి వచ్చినా సార్, ఇంకేమీ లేదు అని చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది ఇంతే: "అరగంట... అరగంట సార్... అంతే."

తాసిల్దారు ముఖంలో నురగ లేని సగం కూడా తెల్లబడింది. "విన్నావా తిప్పన్నా? అరగంట గడువు పెట్టింది! జీపు తీయించు!"

జీపు దుమ్ము లేపుకుంటూ పోయి, ఒక కంట్రాక్టరు కట్టుకుంటున్న మిద్దె గోడలు తడుపుతున్న ట్యాంకరును, పైపు వేలాడుతుండగానే, లాక్కొచ్చింది. గడువు దాటనే లేదు. జనం కేకలు పెట్టారు. ఓబులమ్మ అందరినీ నెట్టి ఆంజినమ్మ బిందె ముందు నింపింది. "నీకింత ధైర్నముండాదని తెలిసుంటే ఇంతకు ముందే నీతో మాట్లాడుంటి గదా, తల్లీ!" అంది.

మధ్యాహ్నం తాసిల్దారు పిలిపించాడు. కొలువు పోయినట్టేనని ఆంజినమ్మ అనుకుంది. కొలువు పోతే సుంకమ్మ అడిగిన ప్రశ్న మళ్లీ గడపలోకి వచ్చి కూర్చుంటుంది.

"సర్కారు ఉద్యోగివై ఉండి ఊరేగింపు తీస్తావా?"

"తియ్యలేదు సార్. డాక్టరు నడవమన్న్యాడు, నడిచినా."

"ఏ పార్టీ డాక్టరు?"

డాక్టర్లకు పార్టీలుంటాయని ఆంజినమ్మకు తెలియదు. తెలియకపోవడాన్ని ఆయన మొండితనం అనుకున్నాడు. ఈమెను తీసేస్తే రేపు ఊరంతా బిందెలతో మళ్లీ వస్తుందని భయపడ్డాడు. అందుకని రెండు ఆర్డర్లు వేశాడు. ఒకటి, ఆమె ఉద్యోగం ఖాయం. రెండు, ఇకపై రోజూ పొద్దున్నే ఆమె వీధికి ట్యాంకరు వస్తుంది, కొట్లాటలు జరగకుండా ఆమె దగ్గరుండి చూసుకోవాలి. కూర్చోవడానికి కచేరీ మడతకుర్చీ కూడా పంపాడు.

ఆ కుర్చీ వేసేది సరిగ్గా ఆమె నడిచే వేళకే. ఇప్పుడు ఊరంతా ఆమెను పలకరిస్తుంది. "ఆంజినమ్మక్కా, నా బిందె ముందు! ఆంజినమ్మక్కా, దీన్ని చూడు, రెండు బిందెలు తెచ్చినాది!" ఇంతమంది మధ్య ఆమె కాళ్లు ఎలా ఉన్నాయని అడిగిన నోరు లేదు. అవి పొంగుతూనే ఉన్నాయి. నిండిన బిందె మూతికి నోరు ఆనించి పిలిచినా పలకదు. ట్యాంకరు పోయాక అందరూ ఎవరి ఇళ్లలోకి వాళ్లు పోతారు. ఆమె కుర్చీ మడిచి గోడకు ఆనించి, కచేరీలో మరో కుర్చీ కోసం బయలుదేరుతుంది.

మహాజనులారా, ఇప్పుడు మీ సంగతి. ఆ నీళ్లు మీకు తెచ్చిపెట్టింది ఆమె కాళ్లు. ఆ కాళ్లనే మీరు కట్టిపడేశారు. రేపే ఆ కుర్చీని కచేరీకి తిప్పి పంపండి. వరసలో మీరే నిలబడండి, కొట్లాట మీరే మానుకోండి. మీలో ఒక్కరు, బిందె లేకుండా, ఆమె వాకిలి ముందుకు పోయి "పదక్కా" అనండి. పక్కన నడవండి. ఎవరైనా యాడికని అడిగితే ఊరికే అని చెప్పండి, గట్టిగా చెప్పండి. చెప్పులు లేవని మాత్రం సాకు చెప్పవద్దు. ఆమెవి ఊరేగింపులో మీరు తొక్కి తెంపినప్పటినుంచి ఆమెకూ లేవు.